జన్యు సంకేతం అన్ని జీవులకూ ఒకటే అయితే, మనిషి జన్యువు ఈ. కోలైలో సగం ప్రోటీనే ఎందుకు ఇస్తోంది?

ప్రశ్న క్లుప్తంగా: బెంగళూరులో ఎం.ఎస్సీ. బయోటెక్నాలజీ చివరి సెమిస్టరు ప్రాజెక్టు. 350 కోడాన్లున్న (కోడాన్ అంటే ఒక అమైనో ఆమ్లాన్ని సూచించే మూడు బేసుల పదం) మనిషి జన్యువు సీడీఎన్ఏని, అంటే ఎం-ఆర్ఎన్ఏ నుంచి తిరగరాసిన డీఎన్ఏని, పీఈటీ-28ఏ వెక్టర్‌లో (జన్యువుని మోసే ప్లాస్మిడ్, అంటే చిన్న డీఎన్ఏ చక్రం) ఎన్‌డీఈ-1, ఎక్స్‌హో-1 ఎంజైములు కోసే సైట్ల మధ్య పెట్టారు. జన్యువు సొంత స్టాప్ కోడాన్ అలాగే ఉంది కాబట్టి ప్రోటీన్ శుద్ధికి పనికొచ్చే హిస్ ట్యాగ్ (హిస్టిడీన్ల వరుస) ముందు వైపు మాత్రమే వస్తుంది. ఈ. కోలై బాక్టీరియా రకమైన బీఎల్21(డీఈ3)లో, జన్యువుని పనిలోకి దించే ఐపీటీజీ అనే రసాయనం వేసి జెల్‌లో చూస్తే 41 కిలోడాల్టన్ల దగ్గర లేత బ్యాండు, 25 దగ్గర ముదురు బ్యాండు. సాంగర్ సీక్వెన్సింగ్‌లో ఒక్క తప్పూ లేదు. "సంకేతం సార్వత్రికం అని డిగ్రీ నుంచి చదువుతున్నాం, మరి ఈ. కోలై సగంలో ఎందుకు వదిలేస్తోంది? ప్లాస్మిడ్ మళ్లీ కట్టాలా?" అని అడిగారు. జన్యువులో సిగ్నల్ పెప్టైడ్ లేదని చెప్పి, మైటోకాండ్రియా జన్యువైతే ఎలా అని కూడా చివర్లో అడిగారు. సీక్వెన్స్ కూడా పెట్టారు, మంచి పని చేశారు.

ప్లాస్మిడ్ మొదటి నుంచి కట్టక్కర్లేదు. మీ సీక్వెన్స్‌లో 203, 204 కోడాన్లు చూడండి. రెండూ ఏజీజీ, పక్కపక్కనే. రెండూ ఆర్జినీన్‌కే. మనిషి కణంలో ఇందులో విశేషమేమీ లేదు. ఈ. కోలైలో మాత్రం ప్రోటీన్ కట్టే రైబోజోమ్ చాలావరకు ఇక్కడే తడబడుతుంది. ముందు అదే ప్లాస్మిడ్‌ని, అరుదైన కోడాన్లు చదవడానికి అదనపు సాయమున్న రొజెట్టా-2(డీఈ3) రకం ఈ. కోలైలో వేసి చూడండి. తేడా కనిపిస్తే ఆ రెండు కోడాన్లను సీజీటీ సీజీటీగా మార్చండి. ప్రోటీన్‌లో ఒక్క అమైనో ఆమ్లం కూడా మారదు.

అక్కడే అని ఎలా చెప్పగలుగుతున్నానంటే లెక్క చాలా సులువు. అమైనో ఆమ్లం సగటు బరువు 110 డాల్టన్లు. మీ 350కి 38.5 కిలోడాల్టన్లు, ఎన్‌డీఈ-1 దగ్గర క్లోన్ చేస్తే ముందు చేరే 20 అమైనో ఆమ్లాల ట్యాగ్‌కి ఇంకో 2 పైచిలుకు. మొత్తం 41 దాకా వస్తుంది. ఇప్పుడు వెనక్కి లెక్కేయండి. 25 కిలోడాల్టన్లంటే దాదాపు 225 అమైనో ఆమ్లాలు, అందులో ట్యాగ్ తీసేస్తే 205. తెగింది ఏజీజీ జంట దాటిన వెంటనే. జెల్ మీద చిన్న చిన్న తేడాలు మామూలే కాబట్టి దీన్ని రుజువు అనను. కానీ ఎక్కడ వెతకాలో చెప్పడానికి ఇది చాలు.

ఇప్పుడు అసలు సంగతి. మనిషి న్యూక్లియస్ జన్యువులకూ ఈ. కోలైకీ సంకేతం ఒకటే అన్నది నిజం. 64 కోడాన్లలో 61 అమైనో ఆమ్లాలకు, 3 ఆగడానికి. 1961లో నిరెన్‌బర్గ్, మాథాయ్ వట్టి యూలతో ఉన్న ఆర్ఎన్ఏ నుంచి ఫినైల్‌అలనీన్ గొలుసు రాబట్టిన దగ్గర మొదలై, 1966కల్లా ఖొరానా తదితరుల పనితో పట్టిక పూర్తయింది. ఆ పట్టిక ఏ కోడాన్‌కి ఏ అమైనో ఆమ్లమో చెబుతుంది, అంతే. ఆ కోడాన్‌ని చదివే టీ-ఆర్ఎన్ఏ (అమైనో ఆమ్లాన్ని మోసుకొచ్చే చిన్న ఆర్ఎన్ఏ) ఏ కణంలో ఎంత ఉందో చెప్పదు. రైబోజోమ్‌కి పట్టికతో పని లేదు. దానికి కావలసింది ఆ క్షణాన తన ఏ-సైట్‌లోకి, అంటే కొత్త టీ-ఆర్ఎన్ఏ కూర్చునే చోటులోకి, సరైన టీ-ఆర్ఎన్ఏ రావడం.

ఆర్జినీన్‌కి ఆరు కోడాన్లున్నాయి. మనిషి జన్యువుల్లో ఏజీఏ, ఏజీజీ బాగా వాడుకలో ఉన్నవి, వెయ్యి కోడాన్లకు ఒక్కొక్కటి సుమారు 12 చొప్పున వస్తాయి. ఈ. కోలైలో అవే రెండూ వెయ్యికి మూడుకు మించవు. దానికి సీజీయూ (డీఎన్ఏలో రాస్తే సీజీటీ), సీజీసీ అంటే ఇష్టం. వాడకం తక్కువ కాబట్టి వాటిని చదివే టీ-ఆర్ఎన్ఏ నిల్వ కూడా తక్కువే. దాని సొంత జన్యువులకు ఆ నిల్వ సరిపోతుంది. మీరు ఐపీటీజీ వేశాక మీ ఒక్క జన్యువు ఎం-ఆర్ఎన్ఏ కణం నిండా చేరుతుంది. టీ7 పాలిమరేజ్ ఈ. కోలై సొంత పాలిమరేజ్‌కన్నా ఎన్నో రెట్లు వేగంగా రాస్తుంది. ఆ కాస్త టీ-ఆర్ఎన్ఏ నిమిషాల్లో ఖర్చయిపోతుంది.

ఖర్చు అంటే టీ-ఆర్ఎన్ఏ అణువు నాశనమవుతుందని కాదు. అమైనో ఆమ్లం దించేసి ఖాళీగా తిరుగుతుంటుంది. దాన్ని మళ్లీ నింపాల్సింది అమైనోఎసిల్ టీ-ఆర్ఎన్ఏ సింథటేజ్. ఒక్కో అమైనో ఆమ్లానికి ఒక్కటి చొప్పున 20 ఉంటాయి. నిజానికి సంకేతాన్ని తెలిసిన ఎంజైములు ఇవే. ఒక వైపు అమైనో ఆమ్లాన్నీ మరో వైపు టీ-ఆర్ఎన్ఏనీ రెంటినీ గుర్తుపట్టేది ఇవే కాబట్టి. నింపడానికి ఏటీపీ ఏఎంపీగా మారుతుంది, అంటే రెండు అధికశక్తి బంధాల ఖర్చు. తర్వాత టీ-ఆర్ఎన్ఏని రైబోజోమ్‌కి తెచ్చే ఈఎఫ్-టీయూ ఒక జీటీపీ, రైబోజోమ్‌ని ఒక కోడాన్ ముందుకి జరిపే ఈఎఫ్-జీ ఒక జీటీపీ తీసుకుంటాయి. ఒక్క పెప్టైడ్ బంధానికి నాలుగు. ఇంత ఖరీదైన పని కాబట్టే ఐపీటీజీ వేశాక కల్చర్ ఎదుగుదల మందగించడం తప్పేమీ కాదు.

రైబోజోమ్‌లో ఏజీజీ దగ్గర ఏం జరుగుతుందో కాస్త దగ్గరగా చూద్దాం. 37 డిగ్రీల దగ్గర ఈ. కోలై రైబోజోమ్ సెకనుకి 15 నుంచి 20 అమైనో ఆమ్లాలు కలుపుతుంది. మీ ప్రోటీన్ మొత్తానికి అర నిమిషం కూడా పట్టదు. పీ-సైట్‌లో అప్పటిదాకా కట్టిన గొలుసుతో టీ-ఆర్ఎన్ఏ ఉంటుంది. ఖాళీ ఏ-సైట్‌లోకి ఈఎఫ్-టీయూ ఒక్కో టీ-ఆర్ఎన్ఏని తెచ్చి చూపిస్తుంది. సరిపోకపోతే వెళ్లిపోతుంది, ఇంకోటి వస్తుంది. జత సరిగ్గా కుదిరిందా అని చూసేది రైబోజోమ్ సొంత 16ఎస్ ఆర్ఎన్ఏలోని మూడు బేసులు: ఏ1492, ఏ1493, జీ530. కోడాన్ మొదటి రెండు స్థానాల్లో ఏర్పడిన జతల ఆకారాన్ని అవి తడిమి చూస్తాయి. మూడో స్థానంలో అంత పట్టింపు లేదు. 61 కోడాన్లకు 61 రకాల టీ-ఆర్ఎన్ఏలు అక్కర్లేకపోవడానికి కారణం అదే. ఈ తడిమి చూడడాన్ని స్ఫటిక నిర్మాణాల్లో పట్టి చూపించినవారిలో మన చిదంబరంలో పుట్టిన వెంకీ రామకృష్ణన్ ఒకరు. 2009 రసాయన నోబెల్ స్టైట్జ్, యోనాత్‌లతో కలిసి ఆయనకు వచ్చింది.

ఏజీజీకి రావలసిన టీ-ఆర్ఎన్ఏ కరువైతే ఏ-సైట్ ఖాళీగా నిలబడుతుంది. వెనక వస్తున్న రైబోజోములు బెంగళూరు సిల్క్ బోర్డు కూడలి దగ్గర బస్సుల్లా ఒకదాని వెనక ఒకటి ఆగిపోతాయి. ఆ ఖాళీ సమయంలో మూడు జరగొచ్చు.

ఒకటి, ఎం-ఆర్ఎన్ఏ మీద టీ-ఆర్ఎన్ఏ ఒక బేసు ముందుకి జారుతుంది. ఫ్రేమ్, అంటే మూడేసి బేసులుగా చదివే వరుస, తప్పింది. అక్కడి నుంచి అర్థంలేని అమైనో ఆమ్లాలు కలుస్తూ పోయి, తప్పు ఫ్రేమ్‌లో మొదట ఎదురైన స్టాప్ దగ్గర ముగుస్తుంది. 64లో 3 స్టాప్‌లు కాబట్టి సగటున ఇరవై ఒక్క కోడాన్లకు ఒక స్టాప్ తగులుతుంది. ఏజీజీ ఏజీజీ జంట మీద సగం దాకా రైబోజోములు ఇలా జారతాయని 1988లోనే చూపించారు. సగం అంటే తమాషా కాదు.

రెండు, దగ్గర పోలికున్న వేరే టీ-ఆర్ఎన్ఏ లోపలికి దూరుతుంది. ఏజీజీ దగ్గర లైసీన్ చేరడం ఎక్కువగా కనిపించే తప్పు. దీంతో పొడవు మారదు, జెల్‌లో కనపడదు. అందుకే ఇది ఇంకా ప్రమాదం.

మూడు, రైబోజోమ్ పూర్తిగా ఇరుక్కుపోతుంది. అప్పుడు ఇరుక్కున్న రైబోజోములను విడిపించే టీఎం-ఆర్ఎన్ఏ వచ్చి, సగం ప్రోటీన్ చివర 11 అమైనో ఆమ్లాల తోక తగిలించి విడిపిస్తుంది. ఆ తోక చూసిన క్లిప్-ఎక్స్‌పీ ప్రోటియేజ్ దాన్ని తినేస్తుంది. అంటే ఇరుక్కుపోయిన ముక్క మామూలుగా మిగలదు, మొత్తం దిగుబడి మాత్రం పడిపోతుంది. మీ జెల్‌లో 25 దగ్గర శుభ్రమైన, ముదురు బ్యాండు మిగిలింది కాబట్టి నా ఓటు ఫ్రేమ్ జారడానికే. ఫ్రేమ్ తప్పాక మామూలు స్టాప్ దగ్గరే ఆగిన ప్రోటీన్‌కి ఆ తోక ఉండదు.

అయితే ఒక మెలిక ఉంది, చాలామంది దీన్ని చూడరు. ఏజీజీఏజీజీ అనే ఆరు బేసులు అచ్చంగా షైన్-డాల్గార్నో వరుస. రైబోజోమ్ 16ఎస్ ఆర్ఎన్ఏ చివర దానికి జత వరుస ఉంటుంది, అక్కడ అతుక్కునే ఈ. కోలై రైబోజోమ్ ప్రోటీన్ మొదలుపెడుతుంది. కాబట్టి మీ జన్యువు మధ్యలో, ఆ జంట తర్వాత 5 నుంచి 9 బేసుల దూరంలో ఏయూజీ గానీ జీయూజీ గానీ ఉంటే, రైబోజోమ్ నడిమధ్యనే కొత్తగా మొదలుపెట్టే అవకాశముంది. అలా వచ్చే ముక్క మీ ప్రోటీన్ వెనక సగం, దాదాపు 16 కిలోడాల్టన్లు. దానికి హిస్ ట్యాగ్ ఉండదు. మీ జెల్‌లో కింద ఆ సైజులో ఏమైనా ఉందేమో చూడండి. రొజెట్టా ఈ సమస్యని తీర్చలేదు, ఎందుకంటే లోపం టీ-ఆర్ఎన్ఏది కాదు. కోడాన్ మార్పు మాత్రం రెండు సమస్యలనీ ఒకేసారి తీరుస్తుంది. సీజీటీసీజీటీకి షైన్-డాల్గార్నో పోలిక లేదు.

మనిషి కణంలో ఈ గొడవ ఎందుకు లేదంటే అక్కడ మొదలుపెట్టే పద్ధతే వేరు. రైబోజోమ్ చిన్న ఉపభాగం ఎం-ఆర్ఎన్ఏ ముందు చివరి టోపీని (క్యాప్) పట్టుకుని, అక్కడి నుంచి వెతుక్కుంటూ వెళ్లి, సాధారణంగా మొదటి అనుకూలమైన ఏయూజీ దగ్గర మొదలెడుతుంది. మధ్యలో ఏజీజీఏజీజీ ఉన్నా దానికి లెక్కలేదు. బాక్టీరియాలో మొదటి అమైనో ఆమ్లం కూడా ఫార్మైల్ తగిలించిన మెథియోనిన్, దానికి ప్రత్యేక టీ-ఆర్ఎన్ఏ. ఆ టీ-ఆర్ఎన్ఏ కాండంలోని మూడు జీ-సీ జతల మీద ఐఐఎస్సీలో ఉమేష్ వర్ష్నీ గారి బృందం ఏళ్ల తరబడి పనిచేసింది. మొదలుపెట్టడం గురించి లోతుగా చదవాలనుకుంటే మీ ఊళ్లోనే ఉన్న పని అది.

ఇక చేయవలసిన పనులు.

ముందు ఉన్న శాంపిళ్లతోనే యాంటీ-హిస్ వెస్టర్న్ (హిస్ ట్యాగ్ ఉన్న బ్యాండ్లనే యాంటీబాడీతో వెలిగించే పరీక్ష) చేయండి. కొత్తగా ఏమీ పెంచక్కర్లేదు. 25 బ్యాండు వెలిగితే అది ముందు సగం, అంటే ట్రాన్స్‌లేషన్ (ఎం-ఆర్ఎన్ఏ చదివి ప్రోటీన్ కట్టడం) మధ్యలో తెగింది లేదా ప్రోటియేజ్ కోసింది. వెలగకపోతే కథ వేరు, వెనక ముక్క గానీ ఈ. కోలై సొంత ప్రోటీన్ గానీ కావాలి. ఐపీటీజీ వేయని శాంపిల్ పక్క వరుసలో లేకపోతే ఈ ప్రశ్న ఎప్పటికీ తేలదు. చాలా ప్రాజెక్టు జెల్స్‌లో ఆ వరుసే ఉండదు.

ప్రోటియేజా, ట్రాన్స్‌లేషనా అని విడదీయడానికి సమయం వారీగా తీయండి. ఐపీటీజీ వేసిన 30 నిమిషాలకు, 1 గంటకు, 2 గంటలకు, 4 గంటలకు. రెండు బ్యాండ్ల నిష్పత్తి మొదటి నుంచీ ఒకేలా ఉంటే ట్రాన్స్‌లేషన్. 41 తగ్గుతూ 25 పెరుగుతుంటే కోత. బీఎల్21లో లాన్, ఓఎంపీ-టీ ప్రోటియేజ్‌లు ఎలాగూ లేవు, కానీ మిగతావి ఉన్నాయి.

తర్వాత రొజెట్టా-2. ఇందులో ఒక చిన్న ప్లాస్మిడ్ ఏజీఏ, ఏజీజీ, ఏయూఏ, సీయూఏ, సీసీసీ, జీజీఏ, సీజీజీ కోడాన్ల టీ-ఆర్ఎన్ఏలను అదనంగా చేస్తుంది. ఆ ప్లాస్మిడ్ నిలబడాలంటే క్లోరాంఫెనికాల్ 34 మైక్రోగ్రాములు/మి.లీ. తప్పనిసరి. మీ వెక్టర్‌కి కానామైసిన్ 50 మైక్రోగ్రాములు వేసి దీన్ని మరిచిపోతే, రాత్రి కల్చర్‌లోనే కణాలు దాన్ని వదిలించుకుంటాయి. అప్పుడు "రొజెట్టా కూడా పనిచేయలేదు" అంటారు. పనిచేయనిది రొజెట్టా కాదు, ఆ ప్లాస్మిడ్ పోయి మళ్లీ మామూలు బీఎల్21లా మారిన కణాలు.

ఒక కాలనీని 5 మి.లీ. ఎల్‌బీలో రెండు యాంటీబయోటిక్స్‌తో రాత్రంతా పెంచండి. పొద్దున 50 మి.లీ.లోకి వందకి ఒకటి చొప్పున వేసి, 37 డిగ్రీల దగ్గర ఓడీ (కల్చర్ చిక్కదనం కొలత) 0.6 వచ్చేదాకా ఆగండి. 1 మి.లీ. తీసి పక్కన పెట్టండి, అదే ఐపీటీజీ వేయని శాంపిల్. మిగతాదానికి 1 మోలార్ ఐపీటీజీ 25 మైక్రోలీటర్లు వేస్తే 0.5 మిల్లీమోలార్ అవుతుంది. మూడు భాగాలు చేసి 37 డిగ్రీల దగ్గర 3 గంటలు, 30 దగ్గర 5 గంటలు, 18 దగ్గర 16 గంటలు. 18కి చల్లబరిచే షేకర్ కావాలి. మామూలు షేకర్ గది ఉష్ణోగ్రతకన్నా ఓ అయిదు డిగ్రీలు పైనే నిలకడగా ఉంటుంది, అంతకన్నా కిందికి రాదు. బెంగళూరు చలికాలంలో 25 అయినా కుదురుతుందేమో గానీ, ఏసీ లేని చెన్నై ల్యాబులో డిస్‌ప్లే మీద 18 అని పెట్టి, లోపల 33లో పెంచడమే అవుతుంది. ఫ్లాస్కు పక్కన థర్మామీటర్ పెట్టి చూడండి.

శాంపిల్ తీసేటప్పుడు అన్నిటి నుంచీ సమానంగా 1 మి.లీ. తీయకండి. 1ని ఓడీతో భాగిస్తే వచ్చినన్ని మి.లీ. తీయాలి. ఓడీ 2.5 ఉంటే 0.4 మి.లీ. పెల్లెట్‌ని 100 మైక్రోలీటర్ల శాంపిల్ బఫర్‌లో కలిపి, 95 డిగ్రీల దగ్గర 5 నిమిషాలు కాచి, 12 శాతం జెల్‌లో 10 మైక్రోలీటర్లు వేయండి. ఈ ఒక్క పని చేయకపోతే బ్యాండు ముదురు, లేత అన్న మాటలకి విలువ లేదు.

రొజెట్టాలో 41 ముదిరి 25 తగ్గిందనుకోండి, అయినా నేను అక్కడితో ఆగమనను. ప్రాజెక్టుకి శుద్ధి చేసిన ప్రోటీన్ కావాలంటే సైట్-డైరెక్టెడ్ మ్యూటజెనెసిస్, అంటే ఎంచుకున్న బేసులను మాత్రమే మార్చడం, చేసెయ్యడం మేలు. ఏజీజీఏజీజీని సీజీటీసీజీటీ చేయడానికి ఆరు బేసుల్లో నాలుగే మారతాయి. మార్పు మధ్యలో ఉండి, రెండు వైపులా 13-15 బేసులు సరిపోలేలా ప్రైమర్లు. పీసీఆర్ తర్వాత డీపీఎన్-1 ఎంజైమ్‌తో 37 డిగ్రీల దగ్గర ఒక గంట, పాత ప్లాస్మిడ్ పోవడానికి. టెంప్లేట్ ప్లాస్మిడ్ డీహెచ్5-ఆల్ఫా లాంటి మిథైలేషన్ చేసే స్ట్రెయిన్ నుంచి తీసినదై ఉండాలి, లేకపోతే డీపీఎన్-1 దాన్ని ముట్టుకోదు.

మొత్తం జన్యువునే ఆప్టిమైజ్ చేసి సింథసిస్‌కి ఆర్డర్ ఇచ్చేద్దామని మీ ల్యాబులో ఎవరైనా అంటారు. డబ్బుంటే ఇవ్వొచ్చు, కానీ దాని మీద గుడ్డి నమ్మకం వద్దు. 2009లో పచ్చగా మెరిసే జీఎఫ్‌పీ అనే ఒకే ప్రోటీన్‌కి కోడాన్లు మాత్రమే మార్చిన 154 జన్యువులను ఈ. కోలైలో పెట్టి చూశారు. ప్రోటీన్ మొత్తంలో 250 రెట్ల తేడా వచ్చింది. ఆ తేడాకి ఎక్కువగా కారణం కోడాన్ల వాడకం కాదు, ఎం-ఆర్ఎన్ఏ మొదట్లో, ఏయూజీ చుట్టూ పడిన మడత. అక్కడ గట్టి మడత పడితే రైబోజోమ్ ఎక్కడమే కష్టం. జీ, సీ ఎక్కువున్న "మంచి" కోడాన్లను మొదటి పది పన్నెండు చోట్ల నింపేస్తే మంచి చేయబోయి చెడు చేసినట్టే. మీ విషయంలో ముందున్న ట్యాగ్ వెక్టర్‌దే, అది బాగానే మొదలవుతోంది, దాన్ని కదపకండి.

ట్యాగ్ ముందు వైపే ఉండడంతో ఇంకో ఇబ్బంది: నికెల్ కాలమ్ 25 ముక్కని కూడా పట్టుకుంటుంది, ఎంత కడిగినా రెండూ కలిసే వస్తాయి. స్టాప్ కోడాన్ తీసేసి, ఎక్స్‌హో-1 ద్వారా వెనక ట్యాగ్ ఫ్రేమ్‌లో పడేలా చేసి, ఎన్‌సీఓ-1 దగ్గర మొదలుపెడితే ముందు ట్యాగ్ పోతుంది, చివరిదాకా వచ్చిన ప్రోటీనే కాలమ్‌కి అతుక్కుంటుంది. ఒక చిక్కు: ఎన్‌సీఓ-1 వరుస సీసీఏటీజీజీ కాబట్టి రెండో కోడాన్ జీతోనే మొదలవ్వాలి. మీ రెండో అమైనో ఆమ్లానికి అది కుదరకపోతే ఒకటి అదనంగా చేర్చుకోక తప్పదు.

పూర్తి పొడవు ప్రోటీన్ వచ్చాక అది సూపర్‌నేటంట్‌లో (పైన తేరిన ద్రవం) ఉందా, పెల్లెట్‌లో (అడుగున చేరిన ముద్ద) ఉందా అన్నది వేరే ప్రశ్న. మీ జన్యువులో సిగ్నల్ పెప్టైడ్ లేదని చెప్పారు, మంచిది. డైసల్ఫైడ్ బంధాలుంటే మాత్రం మామూలు సైటోప్లాజంలో కుదరవు, షఫుల్ లాంటి స్ట్రెయిన్ కావాలి.

ఇక మైటోకాండ్రియా గురించి మీరు చివర్లో అడిగినది. మీది న్యూక్లియస్ జన్యువు కాబట్టి చింత లేదు. మైటోకాండ్రియా డీఎన్ఏలోని జన్యువైతే మాత్రం "సంకేతం ఒకటే" అన్న మాటే చెల్లదు. మనిషి మైటోకాండ్రియాలో యూజీఏ ట్రిప్టోఫాన్, ఏయూఏ మెథియోనిన్. ఈ. కోలైకి యూజీఏ స్టాప్, ఏయూఏ ఐసోల్యూసిన్. అలాంటి జన్యువుకి ఏ స్ట్రెయినూ సాయం చేయదు, సీక్వెన్స్ తిరగరాయాల్సిందే.

చివరికి మాస్ స్పెక్‌కి ఇస్తే రిపోర్టు చూసి కంగారు పడకుండా కొన్ని అంకెలు గుర్తుంచుకోండి. మీ లెక్కకన్నా 131 డాల్టన్లు తక్కువ వస్తే మొదటి మెథియోనిన్ పోయింది. మీ ట్యాగ్‌లో రెండోది గ్లైసీన్, చిన్నది, కాబట్టి అలా పోవడమే సహజం. అలా మెథియోనిన్ పోయిన శిఖరంకన్నా 178 ఎక్కువ వస్తే హిస్ ట్యాగ్ ముందు చివరకి గ్లూకోనైల్ చేరింది, ఈ ట్యాగ్‌తో బీఎల్21 రకాల్లో ఇది ఎప్పటి నుంచో తెలిసిన సంగతే. పక్కన 28 తక్కువగా ఇంకో చిన్న శిఖరం కనిపిస్తే మాత్రం ఆర్జినీన్ ఉండాల్సిన చోట లైసీన్ పడింది. అది రొజెట్టాలో చేసిన ప్రోటీన్‌లో కూడా మిగిలి ఉంటే, 203, 204తో పాటు జన్యువులో మిగతా ఏజీఏ, ఏజీజీలనూ వెతికి మార్చండి.